జొన్నల వాలు

కన్యకమ్మ పుట్టి పెరిగింది ఆళ్ళగడ్డలో. వాళ్ళ నాయనకు బస్సులు ఆగే చోట ధాన్యం అంగడి ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే వక్కిలేరు ఇంకిపోయి ఇసక మాత్రం మిగిలేది. ఆడవాళ్ళు బిందెలు తీసుకుపోయి, ఆ ఇసకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు తోడుకుని వచ్చేవాళ్ళు. చెలమ తవ్వి పెట్టమని తల్లి ముందుగా కన్యకమ్మను పంపేది. తీరా తాను బిందెతో వచ్చేసరికి గుంత మోకాటి లోతైనా ఉండేది కాదు. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ గుంత పక్కన గొంతుక్కూర్చుని, అంచు మీదనుంచి జారే ఇసకను చూస్తూ ఉండేది. పైనున్న పొడి ఇసక తీసేకొద్దీ జారి లోపల పడేది. కింద తేమ ఇసక తగిలితే మాత్రం గోడ కట్టినట్టు నిలబడేది. మళ్ళీ ఎండ తగిలి ఆ గోడ పొడారి, ఒక్కొక్క రేణువే రాలడం మొదలుపెట్టేది.

"ఏం చూస్తాండావే ఆడ?" అని తల్లి అరిస్తే, "ఇసక పండుకుంటాందిమ్మా. పండుకోనీ," అనేది.

తల్లికి ఆ మాట అర్థం కాలేదు. బిందె కింద పెట్టి తానే తవ్వుకునేది.

కర్నూలు రాజధాని అయిన ఏడాది, పందొమ్మిదేళ్ళ వయసులో, కన్యకమ్మ నంద్యాలకు కాపురానికి వచ్చింది. భర్త గురుస్వామి ధాన్యం వ్యాపారి. తండ్రి పోయాక అంగడి తానే చూసుకుంటున్నాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఇంట్లో అత్త ఉమామహేశ్వరమ్మ ఉంది. స్టేషనుకు పోయే దారిలో ఇల్లు. ముందు అంగడి, వెనక కాపురం, ఈ రెంటికీ పక్కగా జొన్నల గది.

ఆ గది కన్యకమ్మ జీవితంలో పెద్ద భాగం కాబట్టి దాని సంగతి కొంచెం చెప్పాలి. మట్టి మిద్దె, రెండు నిలువుల ఎత్తు. మిద్దె మీద మనిషి దిగేంత కన్నం, దానికి మూతగా ఒక నాపరాయి. ఆ కన్నాన్ని గవాచి అంటారు. మాఘమాసంలో కళ్ళాలనుంచి జొన్నలు వస్తే, హమాలీ కృపావరం బస్తాలు మోసుకుంటూ మెట్లెక్కి, గవాచి దగ్గర మూతి విప్పి లోపలికి కుమ్మరించేవాడు. గది నిండేది. బయటికి తీయడానికి గోడ అడుగున జానెడు తూము, దానికి పైకీ కిందికీ జరిగే చెక్కపలక. పలక ఎత్తితే జొన్నలు వాటంతట అవే బస్తాలోకి పారేవి. వంటింటికీ ఆ గదికీ మధ్య గోడలో, మొహమంత కిటికీ ఒకటి ఉండేది. గాలి ఆడటానికి ఎప్పుడో పెట్టినారు. ఇనుప జాలీ కొట్టి ఉండేది.

మొదటి ఏడాది మాఘంలో, పొయ్యి మీద పప్పు పెట్టి, కన్యకమ్మ ఆ కిటికీలోనుంచి తొంగి చూసింది.

చీకటి గది. పైన గవాచిలోనుంచి ఎండ ఒక స్తంభంలాగా దిగుతోంది. ఆ ఎండలోనుంచే తెల్ల జొన్నలు ధారగా పడుతున్నాయి. దుమ్ము పొగలాగా లేచి, ఎండలో నెమ్మదిగా తిరిగి, ఎటూ పోకుండా అక్కడే ఆడుతోంది. కింద కుప్ప పెరుగుతోంది. కొన ఎత్తవుతుంది, ఇంకొంచెం ఎత్తవుతుంది, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు నిలబడుతుంది. తరవాత ఒక పక్క పైపొర మెల్లగా కదిలి, సుయ్యిమని కిందికి జారి ఆగిపోతుంది. మళ్ళీ కొన పెరుగుతుంది. మళ్ళీ ఇంకో పక్క జారుతుంది. ఎన్ని బస్తాలు పోసినా కుప్ప ఎత్తూ వెడల్పూ పెరుగుతున్నాయే గాని దాని వాలు మాత్రం మారడం లేదు. జారేది కూడా పైన రెండు వేళ్ళ మందమే. దాని కింద జొన్నలు కదలడం లేదు.

"పప్పు మాడుతాంది! యాడుండావు మ్మే?" అని అత్త అరిచింది.

కన్యకమ్మ వంటింట్లోనే ఉంది. కానీ ఆ అరుపు ఎక్కడో ఏటి అవతలి గట్టునుంచి వచ్చినట్టు ఆమెకు వినిపించింది.

ఇట్లా మొదలైంది. తరవాత రెండు మూడేళ్ళలో ఆమె చూడని గింజ లేదు. ఆవాలు చేటలో పోస్తే పలచగా పరుచుకునేవి, వాటికి నిలబడే ఓపిక లేదు. వేరుశనక్కాయలు కుప్ప పోస్తే నిటారుగా నిక్కేవి. కొర్రలు, సజ్జలు, ధనియాలు, దేని వాలు దానిదే. పిడికెడు పోసినా బస్తా పోసినా ఆ వాలు అదే. పుట్టింట్లో నేర్చిన ముగ్గు చేతితో, సుద్దముక్కతో వంటింటి గోడ మీద ఒక్కొక్క గింజకు ఒక్కొక్క ఏటవాలు గీత గీసుకుంది. కొన్నాళ్ళకు ఒక్కో గింజకు ఒక గీత చాలలేదు. కుప్ప కదలబోయే ముందు ఒక వాలు ఉంటుంది, కదిలి జారి ఆగినాక ఇంకొంచెం తక్కువ వాలు ఉంటుంది. ఆ రెండింటి మధ్య, ఒక సన్నటి సందు. కుప్ప ఆ సందులో ఉన్నప్పుడు తుమ్మినా జారుతుంది, తుమ్మకపోతే పొద్దుగూకేదాకా అట్లాగే ఉంటుంది. మధ్యాహ్నం గూడ్సుబండి స్టేషనులోకి వచ్చేటప్పుడు ఇల్లు సన్నగా అదిరేది. కన్యకమ్మ కిటికీ దగ్గర నిలబడి ఎదురు చూసేది. బండి కూత వినిపించిన కాసేపటికి, చీకటిలో ఎక్కడో ఒక పొర సుయ్యిమనేది. అప్పుడు ఆమెకు ఎందుకో హాయిగా ఉండేది.

తూము సంగతి ఇంకొక వింత. గది నిండుగా ఉన్నా, సగానికి తగ్గినా, బస్తా నిండటానికి ఒకటే సమయం పట్టేది. కన్యకమ్మ లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకునేది. నూట ఇరవై దగ్గర బస్తా నిండేది. గది అడుక్కు వచ్చినా అదే నూట ఇరవై. నీళ్ళ తొట్టి అయితే నిండుగా ఉన్నప్పుడు జోరుగా వచ్చి, తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. జొన్నలకు పైన ఎంత బరువుందో పట్టదు. ఆ పారుడు చప్పుడు ఆమె చెవిలో ఇల్లు కట్టుకుంది. కూతురు లీలావతి పుట్టినాక, పసిబిడ్డ ఏడిస్తే తూము గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ చప్పుడుకు బిడ్డ నిద్రపోయేది, తల్లి మేలుకుని కల కనేది.

ఉమామహేశ్వరమ్మకు భయం పట్టుకుంది. కోడలికి గాలి సోకిందేమోనని ఒక కార్తీక సోమవారం యాగంటికి తీసుకుపోయి, కోనేట్లో మూడు మునకలు వేయించింది. కన్యకమ్మ బుద్ధిగా మునిగింది. గుడి బయట కుంకుమ అమ్మే ఆమె దగ్గర మాత్రం ఆగిపోయింది. కుంకుమ కుప్ప జొన్నల్లాగా జారడం లేదు. మొన తేలి, వేలితో ఒత్తితే ఒత్తినట్టే నిలబడింది.

"అత్తా, మెత్తటి పొడి జారదు. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి చూడు."

"సామీ, నీదే భారం," అని అత్త గోపురం వైపు దండం పెట్టింది.

ఆమె చూపును మొదట లక్ష్యపెట్టినవాడు ఓబులేసు. ఆళ్ళగడ్డ పక్క పల్లెలో ముత్తాతల నాటినుంచి భూములున్న రైతు. కన్యకమ్మ చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు. ఏటా తన జొన్నలు గురుస్వామి గదికే తోలేవాడు. 1956 మాఘంలో బండ్లు దించి, మజ్జిగ తాగుతూ ఎగతాళిగా అడిగినాడు.

"ఏం కన్యకమ్మా, మా చేని జొన్నలు ఏమంటాండాయి?"

"పోయినేటి కంటే గుండ్రంగా ఉండాయన్నా. వాలు తగ్గింది. విత్తనం మార్చినావా?"

ఓబులేసు చెంబు దించినాడు. ఆ ఏడు బండిఆత్మకూరు అనే ఊరినుంచి వేరే విత్తనం తెచ్చి వేసినాడు. ఆ సంగతి ఇంట్లో తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

"నీకెట్ల తెలిసెమ్మా?"

"కుప్ప చూస్తే తెలుస్తాది కదన్నా," అంది కన్యకమ్మ. ఎవరికైనా తెలిసేదే అన్నట్టు.

ఆ ఏడే అద్దాల సంగతి కూడా జరిగింది. పాత పటాల చట్రాలు రెండు విరిగిపోతే, వాటి అద్దాలు తీసి, మధ్యలో వేలెడు సందు ఉండేట్టు పుల్లలు పెట్టి, అడుగూ పక్కలూ మైనంతో అతికింది. లోపల కుప్ప ఎట్లా నిద్రపోతుందో చూడాలని ఆమె ఆశ. వడ్లూ ఆవాలూ ఒక గిన్నెలో బాగా కలిపి, ఒక మూలనుంచి సన్నగా పోసింది.

కలిపి పోసినవి కలిసి ఉండలేదు. పైపొర జారిన ప్రతిసారీ ఆవాలు అడుక్కు ఇంకి నల్లటి గీతగా, వడ్లు దాని మీద పచ్చటి గీతగా పరుచుకున్నాయి. పోసేకొద్దీ ఒక నలుపు, ఒక పసుపు, ఒక నలుపు, ఒక పసుపు. అద్దం నిండా ఏటవాలు చారలు. మగ్గం మీద ఎవరో అంచు నేస్తున్నట్టు, తన చేతి కింద అది పుడుతోంది. గిన్నె ఖాళీ అయినాక కూడా చాలాసేపు గిన్నె వంచుకునే కూర్చుంది.

అంగడి కట్టేసి లోపలికొచ్చిన గురుస్వామికి చూపించింది. అతను వంగి చూసినాడు.

"ఇంత వరసగా ఎట్ల పేర్చినావు?"

"పేర్చలేదండీ. కలిపి పోసినా, అంతే."

"ఊరికే పోస్తే ఇట్ల వస్తాదా?"

"వస్తాది."

అతను ఇంకా ఏదో అడగబోయినాడు. ఇంతలో అత్త అన్నానికి పిలిచింది. "బాగుంది," అని లేచిపోయినాడు. ఆ ఒక్క మాటే కన్యకమ్మ ఎన్నో రోజులు మనసులో తిప్పుకుంది. ఒకసారి అది చాలా పెద్ద మాటగా, ఒకసారి ఏమీ కాని మాటగా తోచేది.

మరుసటి ఏడు, 1957 వైశాఖంలో, ఒక పెద్ద గాలివాన వచ్చింది. గవాచి మూత పక్కన మిద్దె మట్టి కొట్టుకుపోయి నీళ్ళు గదిలోకి కారినాయి. పైపైన ఎండబెట్టి ఊరుకున్నారు. ఆషాఢంలో తూము తెరిచి బస్తాలు నింపుతున్నారు. కొన్ని బస్తాలు నిండినాక పారుడు ఆగిపోయింది. కృపావరం తూములో కర్ర పెట్టి కెలికినాడు. గుప్పెడు రాలి మళ్ళీ ఆగింది.

"పైన గడ్డ కట్టినట్టుంది. నేను చూసొస్తా," అని గురుస్వామి గునపం తీసుకుని మిద్దె ఎక్కినాడు. గవాచిలోనుంచి నిచ్చెన దించి, జొన్నల మీద అడుగు పెట్టినాడు. వాననీళ్ళకు తడిసి, మళ్ళీ ఎండి, పైన జొన్నలు రొట్టెలాగా బిగిసి ఉన్నాయి. గట్టిగానే ఉంది. రెండడుగులు వేసి గునపంతో పొడిచినాడు. ఆ పొర కింద, తీసేసిన బస్తాల మేర, బోలు. పొర పెళ్ళలుగా విరిగింది. గురుస్వామి దానితో పాటు దిగిపోయినాడు. నడుము దాకా, తరవాత రొమ్ము దాకా.

అదే క్షణంలో కింద తూము పారింది.

"పారింది శెట్టీ! పారింది!" అని కృపావరం సంతోషంగా కేక పెట్టి బస్తా మూతి పట్టినాడు.

కన్యకమ్మ వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. పారుడు చప్పుడు మొదలైంది. ఆమె చేయి ఆగింది. అది రోజూ వినే చప్పుడు కాదు. మధ్యలో ఏదో అడ్డం పడి, ధార తెగి తెగి వస్తోంది. కిటికీ దగ్గరికి పోయింది. ఎండ స్తంభంలో దుమ్ము లేస్తోంది. దాని అడుగున, లోపలికి గుంజుకుపోతున్న గరాటు మధ్యలో, భర్త తల, రెండు భుజాలు, ఒక చేయి కనిపించినాయి. అతను నోరు తెరిచి ఉన్నాడు. శబ్దం రావడం లేదు. కల కంటున్నానేమో అని ఆమెకు ఒక్కసారి అనిపించింది. తరవాత పరిగెత్తింది.

తూము దగ్గర కృపావరాన్ని పక్కకు తోసి, చెక్కపలక మీద రెండు చేతులూ వేసి కిందికి దించేసింది. పారుడు ఆగింది.

"ఏందమ్మా ఇది?"

"లోపల ఆయన ఉండాడు. పలక ముట్టుకోవద్దు. నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు!"

బండి ఇరుసు బాగు చేయించుకోవడానికి ఆ రోజు నంద్యాల వచ్చిన ఓబులేసు అంగడి అరుగు మీదనే ఉన్నాడు. కేకలు విని ఆమె కంటే ముందు మిద్దె ఎక్కినాడు. కన్యకమ్మ పైకి చేరేసరికి, నిచ్చెన మీదనుంచి తాడు విసిరి, గురుస్వామి చంకల కింద చుట్టించి, బలంగా లాగుతున్నాడు. గురుస్వామి కెవ్వుమన్నాడు. ఒక్క వేలెడు కూడా పైకి రాలేదు.

"లాగొద్దన్నా! లాగితే మనిషి తెగుతాడు గానీ రాడు."

"మరేం జేద్దాం? సూస్తా నిలబడుదామా?"

ఓబులేసు జొన్నల మీదికి ఒక కాలు దించినాడు. అంతే, పైనుంచి ఒక పొర సుయ్యిమని జారి గురుస్వామి మెడ దాకా వచ్చింది. ఓబులేసు కాలు వెనక్కి తీసుకుని మిద్దె మీదికి ఎక్కేసినాడు.

కన్యకమ్మ గవాచి అంచున మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూసింది. చుట్టూ నాలుగు పక్కలా జొన్నలు కదలబోయే వాలు మీద ఉన్నాయి. ఆగే వాలు కంటే నిటారుగా, ఆ సన్నటి సందులో. గింజ గింజా ఆమెకు తెలుసు. ఎంత తోడినా అంతే జారుతుంది. మనిషి చుట్టూ ఉన్న జొన్నలను మిగతా జొన్నలనుంచి విడదీయాలి. అద్దాల మధ్య కుప్పలో ఎన్నిసార్లు పోస్టుకార్డు గుచ్చలేదు తను? కార్డుకు ఇవతల తీసేసినా అవతలివి అట్లాగే నిలబడేవి.

"కృపావరం! అంగడి పలకలు తే. అన్నీ తే. బేగ!"

పగలు తీసి పక్కన పెట్టి, రాత్రి ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి అంగడి మూసే టేకు పలకలు. నిలువెత్తు, జానెడున్నర వెడల్పు. కృపావరం రెండు రెండుగా మిద్దెకు చేర్చినాడు. కన్యకమ్మ మొదట రెండింటిని వాలు మీద పడుకోబెట్టి జార్చింది.

"నువ్వు దిగొద్దన్నా, బరువు. నేను దిగుతా."

"నువ్వా?"

ఆమె అప్పటికే చెంగు బిగించి నిచ్చెన దిగుతోంది. పలక మీద బోర్లా పడుకుని, చేతులతో పాకి, భర్త దగ్గరికి పోయింది. అతని మొహం నల్లబడింది. ఊపిరి వదిలినప్పుడల్లా జొన్నలు ఆ ఖాళీలోకి బిగుసుకుంటున్నాయి. మళ్ళీ పీల్చడానికి చోటు ఉండటం లేదు.

"ఊపిరి పూర్తిగా వదలొద్దండి. కొంచెం కొంచెం తీసుకోండి. నా వైపు చూడండి."

"కన్యకా... ఏం జేస్తాండావు..."

"మాట్లాడొద్దు."

ఓబులేసు పైనుంచి పలక అందించినాడు. దాన్ని అతని వీపు వెనక నిలబెట్టి, అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా దించింది. కర్ర గుచ్చినట్టు దిగబడింది. ఇంకొకటి కుడి పక్కన. ఇంకొకటి ఎడమ పక్కన. నాలుగోది దింపుతుండగా దూరంగా గూడ్సుబండి కూత వినిపించింది.

ఆమె పలకను రెండు చేతులతో పట్టుకుని కదలకుండా ఉండిపోయింది. గది సన్నగా అదిరింది. ఎదురు గోడ దగ్గర ఒక పెద్ద పొర కదిలింది. తెల్లగా, నిదానంగా, తొందరేమీ లేనట్టు జారుతూ వచ్చింది. వచ్చి పలకలకు తగిలి, అక్కడ కుప్పగా నిలబడింది. సందులోనుంచి పిడికెడు మాత్రం లోపలికి రాలింది. బండి పోయింది. దుమ్ము ఎండలో తిరుగుతోంది.

అయిదు, ఆరు, ఏడు. ఏడు పలకలతో మనిషి చుట్టూ ఒక గూడు కట్టినట్టయింది. ఇక ఆమె పైనుంచి ఓబులేసు అందించిన చెంబుతో లోపలి జొన్నలు తోడి బయటికి పోయడం మొదలుపెట్టింది. వంద చెంబులో, రెండు వందలో. ఈసారి తోడిన గుంత తోడినట్టే ఉండింది. రొమ్ము బయటపడింది. గురుస్వామి పెద్దగా ఊపిరి తీసి ఏడ్చినాడు. ఆమె పలకలను ఇంకొంచెం దించి మళ్ళీ తోడింది. నడుము కూడా వదులయినాక పైకి చూసి, "ఇప్పుడు లాగన్నా, మెల్లగా," అంది.

గురుస్వామిని మిద్దె మీద పడుకోబెట్టినారు. ఉమామహేశ్వరమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, కోడలి జుట్టులో చిక్కుకున్న జొన్నలు ఒక్కొక్కటే ఏరింది. ఓబులేసు మాత్రం గవాచిలోకి వంగి ఆ ఏడు పలకలను చూస్తూ, "నేను ఈ కాలు దించకుంటే అంత దూరం రాకుండెనేమో," అని తనలో తాను అనుకుంటూ ఉన్నాడు. సాయంత్రం బండి కట్టేటప్పుడు కూడా అదే మాట అన్నాడు. కన్యకమ్మ, "నువ్వు పలకలు అందిచ్చకుంటే నేనేం జేద్దునన్నా?" అని, దారిలో తినడానికి రొట్టెలు మూట కట్టిచ్చింది.

గురుస్వామికి పక్కటెముకల నొప్పి మూడు నెలలు పోలేదు. ఆ మూడు నెలలూ అతను ఎక్కువగా ఇంట్లోనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం అద్దాలు తానే గూట్లోనుంచి తీసి, ఆమె ముందు పెట్టి కూర్చున్నాడు.

"ఆ పొద్దు అన్నానికి లేచిపోతి. ఇప్పుడు పోసి చూపించు."

ఆమె పోసింది. అతను చూసినాడు. పోసిన ప్రతిసారీ కొత్తగా అడిగినాడు. ఆవాలకు బదులు రాగులు వేస్తే? వడ్లకు బదులు బియ్యం వేస్తే? కొన్నిటికి చారలు వచ్చినాయి. కొన్నిటికి చిన్న గింజ ఒక మూలకు, పెద్ద గింజ ఇంకొక మూలకు చేరినాయి. భార్యాభర్తలు ఇద్దరూ తలలు ఆనించి అద్దంలోకి చూస్తుంటే, మూడేళ్ళ లీలావతి మధ్యలో దూరి ఆవాలు నోట్లో వేసుకునేది.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే అనసూయమ్మ దాకా పోయింది. 1958లో ఒక రోజు ఆమె వచ్చి కన్యకమ్మను బడికి పిలిచింది. కన్యకమ్మ అయిదో తరగతి దాటలేదు. బల్ల ముందు నిలబడి, అద్దాల మధ్యకు గిన్నె వంచింది. నలభై మంది పిల్లలు చారలు పుడుతుంటే మెడలు చాచి చూసినారు.

"ఎందుకట్ల వస్తాందక్కా?" అని ముందు వరసలో ఒక పిల్ల అడిగింది.

కన్యకమ్మ అనసూయమ్మ వైపు చూసింది. అనసూయమ్మ తల అడ్డంగా ఊపి, "నా పుస్తకాల్లో లేదమ్మా. నీకు తెలిసినంత చెప్పు," అంది.

"పెద్ద గింజ గరుకు, పైన దొర్లుతాది. చిన్నది నున్నన, సందుల్లో దూరి అడుక్కు పోతాది. అంతవరకు చూసినా. వరసగా ఎందుకు వస్తాయో నాకు తెలీదు. చూస్తానే ఉండా."

పిల్లలు ఇంకొకసారి పోయమన్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

1960లో గురుస్వామి పాత గది పడగొట్టించినాడు. కొత్తది ఎట్లా కట్టాలో కన్యకమ్మను అడిగినాడు. ఎవరూ లోపల అడుగు పెట్టే పని లేకుండా ఉండాలని ఆమె అంది. నేల తూము వైపు ఏటవాలుగా ఉండాలి. ఎంత వాలు? నేలకు పరచడానికి బేతంచెర్ల నుంచి వచ్చిన నున్నటి నాపరాళ్ళలో ఒకటి తీసుకుని, దాని మీద జొన్నలు పోసి, ఒక చివర మెల్లమెల్లగా ఎత్తింది. గింజలు కదిలిన చోట గుర్తు పెట్టింది. తడి తగిలిన జొన్నలతో మళ్ళీ ఎత్తింది. ఇంకా కొంచెం ఎక్కువే పెట్టి, ఆ వాలుకు వడ్రంగి చేత ఒక మూడు మూలల చెక్క కోయించి మేస్త్రీ చేతికిచ్చింది.

"అమ్మా, నలభై ఏండ్లుగా కడతాండా. నేల సమంగా కట్టమని అడిగినోళ్ళే గానీ, వంకరగా కట్టమన్నోళ్ళు లేరు," అన్నాడు మేస్త్రీ.

"ఈ చెక్క ఎట్ల చెప్తే అట్ల కట్టప్పా."

కట్టినాడు. ఆ ఏడు జొన్నలు పోసి, ఆషాఢంలో తూము పలక ఎత్తినారు. అవి సుయ్యిమంటూ పారినాయి. గడ్డలు ఒకటి రెండు వచ్చినా వాలు మీద వాటంతట అవే జారి, తూము దగ్గర పగిలిపోయినాయి. చివరి బస్తా కూడా నిండింది. పారుడు సన్నబడి, వానచినుకుల్లాగా టపటపమని, ఆగిపోయింది. లోపల ఒక్క గింజ మిగల్లేదు. ఆ తరవాత చాగలమర్రి నుంచి ఒక వ్యాపారి వచ్చి ఆ మూడు మూలల చెక్క అడిగి తీసుకుపోయినాడు. అది తిరిగి రాలేదు. ఆమె ఇంకొకటి కోయించుకుంది.

గది ఖాళీ అయిన ఆ రోజు గురుస్వామి కొత్త గదికి పెట్టించిన పక్క తలుపు తీసి, "దిగి చూస్తావా? నీ గదే," అన్నాడు. కన్యకమ్మ లోపలికి ఒక అడుగు వేసింది. జొన్న పొడి పట్టిన నాపరాయి సబ్బు రాసినట్టుంది. కాలు జారి, కూలబడి, ఆ వాలు వెంట సర్రున తూము దాకా పోయి గోడకు కాళ్ళు తన్నుకుని ఆగింది. చీర నిండా తెల్లటి పిండి. గురుస్వామి గాభరాగా, "తగిలిందా? తగిలిందా మే?" అని అరుస్తున్నాడు. లోపలినుంచి ముందు రెండు తుమ్ములు వినిపించినాయి, తరవాత నవ్వు.

"లేదండీ. లీలావతిని పంపించండి. పిల్లకు ఇంత బాగుండేది ఇంకోటి లేదు."